వాగు పక్క వీధి – మన మాట



ఇంటి ముందున్న ఉత్తరాల పెట్టె తెరిస్తే పిజ్జా కూపన్లు, ఇళ్లమ్మే ఏజెంట్ల ఫొటోలు, నీళ్ల బిల్లు కనబడతాయి. వాటి మధ్య అప్పుడప్పుడు కౌన్సిల్ వాళ్ల కాగితం ఒకటి వస్తుంది. దాని మీద ఒక వీధి బొమ్మ, పక్కన పచ్చటి గట్టు, చెట్ల నీడలో సైకిళ్లు తొక్కుతున్న పిల్లలు. కింద నాలుగు ముక్కలు ఉంటాయి. మీ వీధినీ, దాని పక్కనున్న క్రీక్‌నూ బాగుచేయాలనుకుంటున్నాం, ఫలానా శనివారం పొద్దున పార్కులో ఉంటాం, వచ్చి మీ అభిప్రాయం చెప్పండి అని. మనలో చాలామంది ఆ కాగితాన్ని పిజ్జా కూపన్లతో పాటే పసుపు మూత డబ్బాలో వేసేస్తాం. మనం చెబితే వింటారా అని ఒక అనుమానం. ఇంజినీర్లకు తెలియనిది మనకేం తెలుసులే అని ఒక బిడియం. బ్రిస్బేన్‌లో, ఇప్స్‌విచ్‌లో వాగుల పక్కన కాపురముంటున్న తెలుగువాళ్లతో ఆ కాగితం గురించే ఈ పూట మాట్లాడాలని వచ్చాను.

ముందు వాగుల సంగతి. మన ఊరిని అందరూ నది ఊరంటారు గానీ, మనం ఉంటున్నది ఎక్కువగా వాగుల పక్కన. ఎనోగెరా క్రీక్, కెడ్రన్ బ్రుక్, నార్మన్ క్రీక్, బులింబా క్రీక్, ఆక్స్‌లీ క్రీక్. ఇప్స్‌విచ్ వైపు వెళితే బండంబా క్రీక్, డీబింగ్ క్రీక్, వూగరూ క్రీక్. పేర్లన్నీ మనకు బస్సు దారుల్లో, వంతెనల మీది బోర్డుల్లో తెలిసినవే. ఏడాదిలో ఎక్కువ నెలలు వీటిలో చీలమండ మునిగేంత నీళ్లు కూడా ఉండవు. ఇల్లు చూసుకోవడానికి వెళ్లినప్పుడు వెనక చిన్న కాలువ ఉందండీ అని తేలిగ్గా చెప్పేస్తారు. ఆ చిన్న కాలువ సంగతి ఫిబ్రవరిలో తెలుస్తుంది.

2022 ఫిబ్రవరి 26 నుంచి 28 దాకా, మూడు రోజుల్లో బ్రిస్బేన్‌లో దాదాపు 677 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడాది మొత్తం మీద ఇక్కడ కురిసేది వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. అంటే ఏడాది వానలో సగానికి పైగా మూడు రోజుల్లో దిగింది. 1974 వరదల నాటి మూడు రోజుల వాన కంటే ఇది ఎక్కువ. 2022లో చాలా ఇళ్లలోకి నీళ్లు వచ్చింది నది నుంచి కాదు, వాగుల నుంచి, వీధుల్లో పారే నీళ్ల నుంచి. నది వరద రావడానికి గంటలూ రోజులూ పడుతుంది. ఈలోగా రేడియో చెబుతుంది, ఫోనుకు సందేశం వస్తుంది, సామాను మేడమీదికి చేర్చుకోవచ్చు. వాగు వరద అలా రాదు. పై కొండ మీద కుండపోతగా కురిస్తే గంట తిరక్కుండానే గట్టు దాటి రోడ్డెక్కుతుంది. కాబట్టి వాగు పక్క వీధిలో కాలిబాట ఎంత వెడల్పుండాలి, చెట్టు ఎక్కడ నాటాలి, కార్లు ఎక్కడ నిలపాలి అన్న ప్రశ్నలన్నీ ఆ గంటసేపు నీళ్లు ఏ దారిన పోవాలన్న ప్రశ్నతో ముడిపడి ఉంటాయి.

వెనకటి తరం ఇంజినీర్లు దీనికి ఒకే జవాబు చెప్పారు. నీళ్లను వీలైనంత త్వరగా ఇక్కణ్నించి పంపించెయ్యాలి. వంకరలన్నీ తీసేసి, వాగును తిన్నగా లాగి, అడుగునా పక్కలా కాంక్రీటు పోశారు. ఇప్స్‌విచ్‌లోని రేస్‌వ్యూ అనే పేటలో స్మాల్ క్రీక్ అనే వాగుకు 1980ల్లో జరిగింది ఇదే. ఒకటిన్నర కిలోమీటరుకు పైగా వాగు కాంక్రీటు కాలువైపోయింది. అలాంటి కాలువ పక్కన ఎండాకాలం మధ్యాహ్నం నిలబడి చూడండి. కాంక్రీటు పలకల నుంచి సెగ ముఖానికి కొడుతుంది. మధ్యలో బెత్తెడు వెడల్పున ఆకుపచ్చ పాచితో సన్నటి ధార పారుతుంటుంది. పలకల అతుకుల్లోంచి గడ్డి పొడుచుకొచ్చి ఉంటుంది. ఎవరో తోసేసిన షాపింగ్ ట్రాలీ ఒకటి బోర్లా పడి ఉంటుంది. అటూ ఇటూ ఇళ్లన్నీ నిలువెత్తు చెక్క కంచెలు కట్టుకుని కాలువకు వీపు తిప్పేసి ఉంటాయి. కూర్చోవడానికి బల్ల ఉండదు, నిలబడడానికి నీడ ఉండదు. మనుషులు వాగు నుంచి మొహం తిప్పుకున్నారంటే అందులో వాళ్ల తప్పేమీ లేదు. చూడడానికి అక్కడ ఏమీ మిగలనివ్వలేదు.

పోనీ నీళ్లకైనా మేలు జరిగిందా అంటే, అదీ లేదు. వేగంగా పంపిన నీళ్లు కిందికి పోయి అక్కడి గట్లను కోసేస్తాయి. రోడ్ల మీది మట్టి, నూనె, టైర్ల పొడి, పెంపుడు కుక్కల మలం, అన్నీ ఎక్కడా ఆగకుండా స్మాల్ క్రీక్ నుంచి డీబింగ్ క్రీక్‌లోకి, అక్కణ్నించి బ్రెమర్ నదిలోకి, బ్రిస్బేన్ నదిలోకి, చివరికి మోర్టన్ బేలోకి చేరతాయి. మోర్టన్ బేలో పీతల కోసం వలలు వేసుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఏటా ప్రకటించే నదుల ఆరోగ్య పట్టికలో బ్రెమర్ నదికి ఎన్నో ఏళ్లు కింది గ్రేడులే వచ్చాయి. ఒక పేటలో కాంక్రీటు పోయడం ఆ పేటతో ఆగిపోయే పని కాదన్నమాట.

ఇప్స్‌విచ్ కౌన్సిల్ ఆ కాంక్రీటును పగలగొట్టి స్మాల్ క్రీక్‌ను మళ్లీ వాగులా చేయాలని తలపెట్టింది. డబ్బు వచ్చిన దారి కూడా చెప్పుకోదగిందే. కొత్త కాలనీలు కట్టేవాళ్లు తమ స్థలంలో వాననీటిని శుద్ధి చేసే ఏర్పాటు చేయాలి. కొన్ని చోట్ల దానికి బదులు కౌన్సిల్‌కు రుసుము కట్టవచ్చు. ఆ సొమ్మును కౌన్సిల్ వేరొక చోట, ఎక్కువ ఫలితం వచ్చే వాగుల మీద ఖర్చు పెడుతుంది. స్మాల్ క్రీక్‌కు అలా పెట్టింది.

అంతకన్నా నాకు నచ్చింది జనాన్ని అడిగిన తీరు. 2016లో ‘డిజైన్ యువర్ క్రీక్ వీక్’ అని ఒక వారం పెట్టారు. మీ వాగును మీరే గీసుకునే వారం అన్నమాట. ల్యాండ్‌స్కేపాలజీ, బ్లై టానర్ అనే సంస్థల డిజైనర్లు, ఇంజినీర్లు తమ ఆఫీసుల్లో గీసిన నక్షా పట్టుకుని రాలేదు. వాగు దగ్గరికే వచ్చి అక్కడే తాత్కాలికంగా మకాం పెట్టుకున్నారు. వారం రోజుల పాటు పేటవాళ్లు, బడిపిల్లలు, కౌన్సిల్‌లో గడ్డి కోసే విభాగం నుంచి వరద లెక్కల విభాగం దాకా రకరకాల వాళ్లు వాళ్లతో కూర్చున్నారు. వారం చివరికి వాగు ఎలా ఉండబోతోందో ఒక రూపం వచ్చింది. తరవాత దాన్ని అంచెలంచెలుగా కట్టారు. ఇప్పుడు అక్కడ వాగు మెలికలు తిరుగుతూ పారుతోంది. నీళ్లు రాళ్ల మీద పలచగా జారి, ఆ తరవాతి మడుగులో ఆగుతాయి. గట్ల మీద లొమాండ్రా గడ్డి దుబ్బులు, స్థానిక చెట్లు, వాటి మధ్య నడక దారి.

ఈ పద్ధతిలో నాకు ముఖ్యమనిపించినవి రెండు. ఒకటి, అడగడం నక్షా గీయకముందే జరిగింది. నక్షా అంతా పూర్తయి, కాంట్రాక్టరును కూడా పిలిచాక అభిప్రాయం అడగడం, ముహూర్తం పెట్టేశాక పెళ్లికూతుర్ని ఇష్టమేనా అని అడగడం లాంటిది. రెండోది, అడిగింది వాగు గట్టున. ఏసీ హాల్లో తెర మీద బొమ్మలు చూపిస్తే మనం బొమ్మ బాగుందా లేదా అన్నదే చెప్పగలం. గట్టు మీద నిలబెడితే చెయ్యి చాపి చూపించగలం. అదిగో, వాన పడితే నీళ్లు ముందు ఆ మలుపు దగ్గర ఎక్కుతాయి. ఇదిగో, ఇక్కడ దీపం లేదు కాబట్టి మా అమ్మాయి రాత్రిపూట స్టేషన్ నుంచి చుట్టూ తిరిగి వస్తుంది.

ఏ వాగు పక్కకైనా వెళ్లి గడ్డిని చూడండి. ఎక్కడో ఒక చోట, ఏ దారీ లేని చోట, గడ్డి అరిగిపోయి సన్నటి మట్టి గీత కనిపిస్తుంది. పిల్లలు బడికి అడ్డదారిన పోయి పోయి పడిన గీత అది. కంచెలో ఒక చెక్క వదులై ఉంటుంది, దానికింద మట్టి నున్నగా ఉంటుంది. కాలినడక వంతెన ఎక్కడ కట్టాలో ఆ గీత చెప్పేస్తోంది. పైనుంచి తీసిన ఫొటోలో అది కనబడితే కనబడొచ్చు గానీ, ఆ దారిన పోయేది పొద్దున ఎనిమిదిన్నరకు ఐదో క్లాసు పిల్లలని, వానాకాలంలో వాళ్లను అటు పోనివ్వద్దని తల్లులు అరుస్తుంటారని ఫొటో చెప్పదు. ఆ వీధి తల్లి చెబుతుంది. ఇలాంటి మాటను నేను చదువు లేని అభిప్రాయం అనను. వరద లెక్కలు వేసే ఇంజినీరు దగ్గర ఉన్న సమాచారం ఎంత విలువైందో ఇదీ అంతే విలువైంది. ఆయన దగ్గర ఇది ఉండదు.

ఇంజినీరు దగ్గర ఉన్నదేమిటో కూడా మనకు తెలియాలి. లేకపోతే అడిగినా సరిగ్గా మాట్లాడలేం. 19వ శతాబ్దం చివర్లో రాబర్ట్ మానింగ్ అనే ఐర్లండ్ ఇంజినీరు నీటి వేగానికి ఒక సూత్రం ఇచ్చాడు. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నే వాడుతున్నారు. అందులో నేల గరుకుదనానికి ఒక అంకె ఉంటుంది. నున్నటి కాంక్రీటుకు ఆ అంకె 0.013, 0.015 ప్రాంతంలో ఉంటుంది. రాళ్లు, గడ్డి, పొదలు ఉన్న వాగుకు 0.05, పొదలు బాగా ఒత్తుగా పెరిగితే 0.1 దాకా పోతుంది. వాలు, లోతు అవే ఉంటే ఆ అంకె ఎన్ని రెట్లు పెరిగితే నీటి వేగం అన్ని రెట్లు తగ్గుతుంది. కాంక్రీటు తీసి పచ్చదనం పెడితే నీళ్లు మూడు నాలుగు రెట్లు నిదానంగా పోతాయి. మరి అన్ని నీళ్లే పోవాలంటే వాగు మూడు నాలుగు రెట్లు వెడల్పుగానో, మరింత లోతుగానో ఉండాలి. ఆ వెడల్పు ఎక్కణ్నించి వస్తుంది? పార్కులోంచి రావాలి, లేదా వీధిలోంచి రావాలి. వీధిలోంచి వస్తే ఒక వరస కార్ల జాగా పోతుంది.

అందుకే మంచి సంప్రదింపు చేసేవాళ్లు మొదటి రోజే బల్ల మీద ఉన్నదున్నట్టు పెడతారు. ఇది మారదు: ఏ ఇంటి దగ్గరా వరద మట్టం ఇప్పటికన్నా పెరగకూడదు. ఇది మారదు: భూమి కింద మురుగు పైపు ఇక్కడుంది, దాని మీద పెద్ద చెట్టు పెట్టలేం. ఇవి మాత్రం మీ చేతిలో ఉన్నాయి: దారి ఎటు పోవాలి, వంతెన ఎక్కడ, బల్లలు ఎక్కడ, దీపాలు ఎన్ని, ఏ చెట్లు, పిల్లల ఆటకు రాళ్లా ఇసుకా. మారనిదాన్ని మారుతుందని ఊరించి అడిగితే జనం ఒక్కసారి నమ్మి వస్తారు, రెండోసారి రారు. ఆ అపనమ్మకం పోవడానికి ఏళ్లు పడుతుంది.

బ్రిస్బేన్‌లోనే స్టోన్స్ కార్నర్ దగ్గర హాన్లన్ పార్క్ ఉంది, చూడనివాళ్లు తప్పక చూడండి. నార్మన్ క్రీక్ అక్కడ దశాబ్దాల పాటు కాంక్రీటు కాలువగా ఉండేది. నార్మన్ క్రీక్ పరివాహక ప్రాంతం మొత్తానికి 2012 నుంచి 2031 దాకా అని కౌన్సిల్ ఒక ప్రణాళిక పెట్టుకుంది. ఈ పార్కు అందులో భాగం. కాంక్రీటు తీసేసి, వాగును మలుపులు తిప్పి, 2022లో తిరిగి తెరిచారు. ఇప్పుడు దానికి బురుడా అనే పేరు కూడా ఉంది, షీ-ఓక్ చెట్లున్న చోటు అని అర్థం. ఆదివారం సాయంత్రం పిల్లలు రాళ్ల మీద కాళ్లు తడుపుకుంటూ దాటుతుంటారు, పెద్దవాళ్లు గట్టున కూర్చుంటారు. కంచె అవతలి కాలువ జనం కూడుకునే చోటయింది. బురుడా పేరు చెప్పుకున్నాం కాబట్టి ఇంకొకటి. ఈ వాగులు కాంక్రీటు కన్నా, కౌన్సిల్ కన్నా ఎంతో పాతవి. ఇప్స్‌విచ్ నేలకు జగెరా, యుగ్గెరా, ఉగారాపుల్ ప్రజలు అసలు యజమానులు. మొదట కూర్చోబెట్టి వినవలసింది వాళ్ల మాట. మనం మొన్న మొన్న వచ్చాం.

ఇక వీధి సంగతి. వాగు కన్నా వీధి దగ్గరే కొట్లాటలు ఎక్కువ, ఎందుకంటే వాగు అందరిదీ, ఇంటి ముందు జాగా మాత్రం నాది అనిపిస్తుంది. నిజానికి కంచెకూ రోడ్డు అంచుకూ మధ్యనున్న గడ్డి పట్టీ కౌన్సిల్‌దే, కానీ కోసేది మనం, నీళ్లు పోసేది మనం. అక్కడ చెట్టు పెడతామని ఒకరంటే, ఆకులు గట్టర్లలో పడతాయి, వేళ్లు పైపుల్లో దూరతాయి, వద్దని పక్కింటాయన అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నా మటుకు నేను చెట్టు వైపే. ఇప్స్‌విచ్‌లో ఎండాకాలం బ్రిస్బేన్ కన్నా ఘాటుగా ఉంటుంది. నీడ లేని కాలిబాట మీద మధ్యాహ్నం మూడు గంటలకు పిల్లల్ని బడి నుంచి నడిపించుకు రావడం ఎంత కష్టమో తల్లిదండ్రులకు తెలుసు. కానీ చెట్టు ఎక్కడ పెట్టాలో వీధివాళ్లను అడక్కుండా పెట్టకూడదు. దానికి ఒక్క ఉదాహరణ చెబుతాను, చెత్త డబ్బాలది.

వారానికోసారి మనం డబ్బాలను రోడ్డు అంచున పెడతాం. లారీ వచ్చి పక్కనుంచి ఇనుప చెయ్యి చాపి డబ్బాను పట్టుకుని పైకెత్తి బోర్లిస్తుంది. ఆ చెయ్యికి డబ్బా చుట్టూ, పైనా ఖాళీ కావాలి. కాగితం మీద అందంగా, సమాన దూరాల్లో చెట్లు, వాననీటిని ఇంకించే పూలమడులు గీసేశారనుకోండి. ఒక్కో ఇంటి ముందు కారు దిగే వాలు, చెట్టు, మడి, దీపస్తంభం పోను డబ్బాలకు జాగా మిగలదు. అప్పుడు జనం డబ్బాలను పూలమడిలో నిలబెడతారు, కొత్తగా నాటిన మొక్కలు నలుగుతాయి, ఆర్నెల్లలో ఆ మడి మట్టిదిబ్బ అవుతుంది. తరవాత కౌన్సిల్‌లో ఎవరో ‘మొక్కలు పెడితే జనం కాపాడుకోలేదు’ అంటారు. ముందే ఆ వీధిలో ఒక మంగళవారం పొద్దున నిలబడి డబ్బాలు ఎక్కడ పెడుతున్నారో చూసినా, ఒక ఇల్లాలిని అడిగినా సరిపోయేది.

కార్ల జాగా విషయంలో మనవాళ్లు నోరు విప్పి చెప్పవలసింది ఉంది. మన ఇళ్లలో శనివారం సత్యనారాయణ వ్రతమో, పిల్లాడి పుట్టినరోజో పెట్టుకుంటే వీధి వీధంతా కార్లతో నిండిపోతుంది. ఇరుగుపొరుగు మర్యాదకు ఏమీ అనరు. వాగుకు వెడల్పు ఇవ్వడానికి ఒకవైపు కార్లు నిలపడం తీసేస్తామంటే మనకు కష్టమే. ఆ కష్టాన్ని మనలో మనం గొణుక్కోవడం కాకుండా ఆ బల్ల దగ్గరికి వెళ్లి చెబితే మధ్యేమార్గాలు దొరుకుతాయి. పార్కు చివర ఉన్న గడ్డి నేలను సెలవు రోజుల్లో కార్లకు వదలవచ్చు. బడి కారు పార్కు శనివారాలు తెరవమని అడగవచ్చు. నేనైతే, నాలుగు కార్ల జాగా కన్నా వరద రోజున నీళ్లకు దారి ఉండడం మేలంటాను. కానీ నా మాటతో ఒప్పుకోని ఇంటివాళ్లు కూడా అక్కడికి వచ్చి వాళ్ల మాట చెబితేనే ఆ నిర్ణయం నిలబడుతుంది.

ఎవరు రారో ఇప్పుడు చెబుతాను. ఇల్లు సొంతమైనవాళ్లు వస్తారు, తీరిక ఉన్న రిటైరైనవాళ్లు వస్తారు, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాళ్లు వస్తారు. అద్దెకున్నవాళ్లు రారు, వచ్చే ఏడు ఈ ఇంట్లో ఉంటామో లేదో అని. కొన్నిసార్లు కాగితం ఇంటి యజమాని చిరునామాకు పోతుంది గానీ అద్దెకున్నవాళ్లకు అందదు. రాత్రి షిఫ్టులు చేసే నర్సులు, ట్యాక్సీలు తోలేవాళ్లు శనివారం పొద్దున నిద్రపోతుంటారు. పిల్లల్ని అడగాలని చాలామందికి తోచదు. 2021 జనాభా లెక్కల నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేలకు పైగా ఉన్నారు. ఇప్స్‌విచ్ కౌన్సిల్ కిందికి వచ్చే స్ప్రింగ్‌ఫీల్డ్ వైపు మన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో సంక్రాంతి ముగ్గుల పోటీలప్పుడు చూస్తూనే ఉన్నాం. ఆ బల్ల దగ్గర మాత్రం మనం కనబడం.

మన ఇళ్లలోనే ఒక వర్గం ఉంది, ఆ వీధి గురించి మనకన్నా బాగా తెలిసినవాళ్లు. గుంటూరు నుంచో, నిజామాబాద్ నుంచో ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు, అత్తామామలు. మనం పొద్దున్నే కారెక్కి మోటార్వే మీద పోతాం, చీకటిపడ్డాక వస్తాం. వాళ్లు పొద్దునా సాయంత్రం వాగు గట్టున నడుస్తారు. మోకాళ్ల నొప్పులతో నడిచేవాళ్లకు ఎక్కడ కూర్చోవాలో తెలుసు, ఎక్కడ బల్ల లేదో ఇంకా బాగా తెలుసు. కాలిబాట ఏ ఇంటి ముందు ఆగిపోయి రోడ్డు మీదికి దిగవలసి వస్తుందో, ఎక్కడ చెట్టువేరు లేచి పలక ఎగిరిందో, మనవణ్ని స్ట్రాలర్‌లో తోసుకుపోతుంటే ఏ మూల చక్రం ఇరుక్కుంటుందో వాళ్లు చెప్పగలరు. ఊళ్లో చెరువు నిండితే ఏ కాలువ ముందు పొంగుతుందో చూస్తూ పెరిగిన మనుషులు వాళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు మనలో ఎందరో ఇక్కడి నుంచి రాత్రంతా ఫోన్లు చేస్తూ కూర్చున్నాం. వాగును చిన్నదనుకోకూడదని ఆ ఇళ్లలోని పెద్దలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటివాళ్లు మన ఇంట్లో ఉండగా, వాళ్లకు ఇంగ్లీషు రాదని వాళ్ల మాట కౌన్సిల్‌కు చేరకుండా పోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అడగడంలో మోసం కూడా ఉంటుందని మీరనొచ్చు. ఉంటుంది. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ రచయిత్రి 1969లోనే దీని గురించి ఒక వ్యాసం రాసింది. పాలనలో పౌరుల పాత్రను ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అట్టడుగు రెండు మెట్ల మీద జనాన్ని మభ్యపెట్టడం, లోపం వాళ్లలోనే ఉన్నట్టు వాళ్లకు చికిత్స చేయబోవడమే ఉంటుంది. సంప్రదింపు అనేది కింది నుంచి నాలుగో మెట్టు. అభిప్రాయం అడుగుతారు గానీ దాన్ని పాటిస్తామన్న హామీ ఏమీ ఉండదు. పై మూడు మెట్ల మీదే జనానికి నిర్ణయంలో నిజమైన వాటా దొరుకుతుంది. స్మాల్ క్రీక్ వారం ఆ నిచ్చెన మీద నాలుగో మెట్టు దాటి పైకి ఎక్కిందని నేననుకుంటాను, జనం పెన్సిలు పట్టుకున్నారు కాబట్టి. మీ పేటలో జరిగేది ఏ మెట్టు మీద ఉందో కనిపెట్టడానికి ఒక ప్రశ్న చాలు. బల్ల దగ్గరున్న ఉద్యోగిని మర్యాదగా అడగండి: ‘మేం చెప్పినదాంట్లో ఏం తీసుకున్నారో, ఏది తీసుకోలేదో, ఎందుకో, మాకు ఎప్పుడు చెబుతారు?’ దానికి తేదీతో జవాబు వస్తే ఆ సంప్రదింపు మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

అలాగని వీధివాళ్లు ఏది కోరితే అదే చెయ్యాలని నేననను. దిగువన ఉన్న పేటవాళ్లు ఆ సమావేశంలో ఉండరు. మన వీధి నుంచి నీళ్లు గబగబా పోవాలని మనం ఓటేస్తే వాళ్ల ఇళ్లు మునుగుతాయి. అలాంటి చోట కౌన్సిల్ కాదనాలి, కాదన్న కారణం మన ముఖం మీదే చెప్పాలి.

కట్టేసిన తరవాత కూడా అడగడం ఆగకూడదు. మొదటి ఏడాది కొత్త మొక్కలు అంగుళాల ఎత్తున ఉంటాయి, ప్లాస్టిక్ గొట్టాల్లో వరసలుగా, చూడడానికి ఏమీ బాగుండదు. రెండో ఏడాది గడ్డి దుబ్బులు నడుం దాకా పెరిగేసరికి ‘ఇది అడవిలా ఉంది, పాములొస్తాయి, దోమలొస్తాయి, కోసెయ్యండి’ అని ఫోన్లు పోతాయి. పారే నీళ్లున్న వాగులో, చేపలూ కప్పలూ ఉన్న మడుగులో దోమపిల్లలు అంతగా నిలవవు. నీళ్లు నిలిచిపోయిన కాంక్రీటు గుంటల్లోనే అవి ఎక్కువగా పెరుగుతాయి. ఈ సంగతి బోర్డు మీద రాసి పెట్టి, దారి పక్క ఒక మీటరు దాకా గడ్డి పొట్టిగా కోస్తామని మాటిచ్చి, ఆ మాట నిలబెట్టుకుంటే చాలా ఫోన్లు ఆగిపోతాయి. పెద్ద వాన పడి కొత్త గట్టు ఒక చోట కోసుకుపోతే వెంటనే చూసేది ఆ వీధివాళ్లే. ఫొటో తీసి పంపడానికి వాళ్ల దగ్గర ఒక నంబరుండాలి, అవతల ఎత్తే మనిషుండాలి.

కాబట్టి ఈసారి ఆ కాగితం వస్తే ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టుకోండి. శనివారం కుదరకపోతే అందులోనే ఫారం నింపి పంపే తేదీ ఉంటుంది, దాన్ని వారం ముందే ఫోన్లో గుర్తు పెట్టుకోండి. రాసేటప్పుడు ‘బాగుంది, బాగాలేదు’ అని రాయకుండా చోటు చెప్పండి. ఫలానా నంబరు ఇంటి ముందు, ఫలానా వంతెన కింద, వాన పడ్డప్పుడు నీళ్లు ఇంతదాకా వచ్చాయని. 2022 నాటి ఫొటో ఉంటే జతచేయండి, వరద లెక్క వేసేవాళ్లకు అలాంటి ఫొటో ఎంతో పనికొస్తుంది. మీ అమ్మగారినో నాన్నగారినో వెంటబెట్టుకుని వాగు దాకా ఒకసారి నడవండి, వాళ్లు ఎక్కడ ఆగుతారో చూసి ఆ చోటు రాయండి. మీరు ఊళ్లో లేని రోజుల్లో వాళ్లే మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ అనువాద సేవ ఉంది, నంబరు 131 450. ఫోన్ ఎత్తగానే ‘తెలుగు’ అన్న ఒక్క మాట అంటే చాలు. దుబాసీ లైన్లోకి వచ్చాక కౌన్సిల్ పేరూ ఫోన్ నంబరూ చెబితే వాళ్లనూ కలుపుతారు.